తొమ్మిదో నంబరు బూట్లు

శవాగారం గోడ గడియారంలో ఎనిమిదీ పది. బల్ల మీది గంగరాజు శవం ఎడమకాలి మీంచి డాక్టర్ సుమ గుడ్డ తీసి పక్కకి జరిగింది. రత్న వంగి చూసింది.

అక్కడ చీలమండ ఎక్కడుందో తెలియడం లేదు. పిక్క దగ్గర్నుంచి వేళ్ళ దాకా కాలంతా ఒకే లావున ఉబ్బి, నల్లబడి ఉంది. లోపలివైపు ఎముక మీద గుండ్రటి గుంట ఒకటి. బయటివైపు అలాంటివే రెండు.

"కొండ మీంచి జారిపడితే ఇలా విరుగుతుందా డాక్టర్‌గారూ?"

"పాదం మెలిపడితే ఎముక ఒకవైపు చిట్లుతుంది. ఇక్కడ రెండువైపులా పిండి అయిపోయింది. కింద గట్టిదేదో ఆనించి, పైనుంచి కొడితే ఇలా అవుతుంది. ఒకసారి కాదు, మూడు నాలుగుసార్లు. రిపోర్టులో రాశాను."

"ప్రాణం పోయింది దీనివల్ల కాదు కదా?"

"కాదు. తల వెనక దెబ్బ. మంగళవారం సాయంత్రం మూడున్నరకీ ఐదింటికీ మధ్య."

"కాలు?"

"అంతకు మూడు గంటల ముందు, తక్కువలో తక్కువ. గుండె ఆడుతుంటేనే ఇంత వాపు వస్తుంది. అంతసేపూ ఈ మనిషి బతికే ఉన్నాడు. నొప్పి తెలుస్తూనే ఉంది."

రత్నకి నలభై ఎనిమిదేళ్ళు. పన్నెండేళ్ళు పోలీసు శాఖలో చేసి, మానేసి, విశాఖపట్నంలో సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకుంది. ఫ్యాక్టరీల్లో, క్వారీల్లో, కొండ పనుల్లో పోయినవాళ్ళ కేసులే ఎక్కువగా తీసుకుంటుంది. గంగరాజు భార్య నిర్మల సంతకం పెట్టిన కాగితం ఉంది కాబట్టే డాక్టర్ ఆమెని లోపలికి రానిచ్చింది. అనంతగిరి కొండల మీద కరెంటు టవర్లు వేస్తున్న కాంట్రాక్టు కంపెనీలో గంగరాజు మోత కూలీల మేస్త్రి. రోడ్డు పక్క దించిన ఇనుప దూలాలని ముప్పై మంది చేత కొండెక్కించడం అతని పని. బుధవారం ఉదయం ఆరున్నరకి నలభై ఒకటో టవరు కింద, గెడ్డ అనే కొండవాగులో శవమై కనిపించాడు. ఇవాళ శుక్రవారం.

పక్క బల్ల మీద ప్లాస్టిక్ కవర్లో అతని కాళ్ళకున్న బూట్లు ఉన్నాయి. రత్న చేతికి తొడుగు వేసుకుని ఒకటి బయటికి తీసింది. కొత్తవి. చీలమండ దాటి నాలుగు వేళ్ళ పైదాకా వచ్చే సేఫ్టీ బూట్లు. బూటు నాలుక వెనక అంకె చూసింది. తొమ్మిది.

కుడిపాదం దగ్గరికెళ్ళి టేపుతో కొలిచింది. ఏడో నంబరు పాదం.

"శవం దొరికినప్పుడు లేసులు కట్టే ఉన్నాయా?"

"చివరి కొక్కెం దాకా బిగించి ఉన్నాయి. నేనే కోశాను."

"మరి చర్మం మీద లేసుల అచ్చు ఏది?"

డాక్టర్ సుమ కళ్ళద్దాలు సర్దుకుని మళ్ళీ వంగింది. ఆమె జవాబు చెప్పేలోగా వెనకనుంచి మగ గొంతు వినిపించింది.

"రత్నగారు రైలు దిగి రెండు గంటలు కాలేదు. అప్పుడే హత్య కనిపెట్టేశారా?"

సి.ఐ. దేవీప్రసాద్. పొడుగ్గా, ఇస్త్రీ మడత నలగకుండా గుమ్మంలో నిలబడ్డాడు. విశాఖలో రత్న పనిచేసిన రోజుల్లో అతను ఆమె కింద ట్రైనింగులో ఉన్న ఎస్సై. ఆ సంగతి ఇద్దరూ మర్చిపోలేదు.

"నువ్వెందుకు కనిపెట్టలేదా అని చూస్తున్నాను ప్రసాద్."

"అరవై అడుగుల మీంచి పడ్డాడు. కాలు విరిగింది. గెడ్డలో మూడు గంటలు కొట్టుకున్నాడు. కాలు బూట్లోనే వాచింది. పోయాడు. ఇందులో ఏముంది?"

"బూట్లో వాస్తే లేసులు కండలోకి దిగిపోవాలి. పోయిన మనిషి చర్మం మీద ఆ గీతలు చెరగవు. ఇతని కాలి మీద ఒక్క గీత లేదు."

"వదులుగా కట్టుకుని ఉంటాడు."

"చివరి కొక్కెం దాకా బిగించి ఉందని డాక్టర్‌గారు చెబుతున్నారు. బూట్లు తొమ్మిదో నంబరు. పాదం ఏడు. వాచిపోయిన కాలికి ఏడో నంబరు పట్టదు. అందుకని తొమ్మిది తెచ్చి తొడిగారు. మేజోళ్ళు కూడా లేవు."

దేవీప్రసాద్ నవ్వాడు. "కొండ కూలీ అండీ. ఏది దొరికితే అది తొడుక్కుంటాడు. నంబర్లు చూసుకుంటాడా? పదకొండింటికి ఫైలు మూసేస్తున్నాను. జారిపడి మృతి. మీరు మధ్యాహ్నం బండికి వెళ్ళిపోవచ్చు."

"ఇంకా రెండున్నర గంటలుంది," అంటూ రత్న తొడుగులు తీసేసింది.

*

ఆసుపత్రి మెట్ల మీద నిర్మల కూర్చుని ఉంది. ముప్పై ఐదేళ్ళుంటాయి. మూడు రోజులుగా ఏడ్చిన కళ్ళు ఇప్పుడు పొడిగా ఉన్నాయి. రత్న ఆమె పక్కనే మెట్టు మీద కూర్చుంది.

"నిర్మలా, ఒక్కటి చెప్పు. గంగరాజు ఏ నంబరు బూట్లు వేసుకునేవాడు?"

"ఏడు." తడుముకోకుండా చెప్పింది.

"ఎప్పుడైనా పెద్దవి వేసుకున్నాడా? తొమ్మిది?"

నిర్మల ఆమెని విచిత్రంగా చూసింది. "తొమ్మిదేటి అమ్మా? ఆయనా? బూట్ల కాడ ఆయనంత సాదస్తం ఈ కొండల్లో ఎవరికీ లేదు. మూడేళ్ళ కిందట కాఫీ తోటలో మిరియాలు కోత్తా, వొట్టి సెప్పుల్తో జారి ఈ ఎడం కాలే ఇరగ్గొట్టుకున్నాడు. నాలుగు నెల్లు మంచం మీదే ఉన్నాడు. అప్పట్నించీ గేంగులో ఒక్కరిని కూడా సెప్పుల్తో కొండెక్కనిచ్చీవోడు కాడు."

"ఎలా ఏరేవాడు బూట్లు?"

"సాయంత్రం పూటే కొలిసీవోడు. పొద్దంతా నడిసిన కాలు ఉబ్బుతాదట. పొద్దున్న కొలిత్తే సాయంత్రానికి కరిసేత్తాయి. మేజోడు ఏసుకునే తొడగాల. మడమ లోపల లెగకూడదు. లెగిసిందా, పాదం మెలిపడిపోద్ది అనీవోడు. ముందు పక్క ఏళ్ళు ఆడాలి. సీలమండ ఎముక పైదాకా బూటు రావాలి. అట్ట కింద గాళ్ళు లోతుగా ఉండాలి, ఎర్రమట్టి పట్టుకోవాలంటే. అన్నీ అయ్యాక ఏటవాలు బండ మీద దిగి సూపించమనీవోడు. దిగేటప్పుడు కాలు ముందుకి జారిందంటే, ఆ జత వొద్దని ఎనక్కి పంపీసీవోడు." ఆమె ఆగింది. "అలాంటోడు రెండు నంబర్లు పెద్ద బూట్లు ఏసుకుని కొండెక్కినాడంటే నాను నమ్మాలా?"

"మంగళవారం ఇంటినుంచి వెళ్ళేటప్పుడు కాళ్ళకి ఏమున్నాయి?"

"పాతవే. ఏడుకి బయలెల్నాడు. లేసులు తెగిపోతే నీలం నైలాన్ తాడు ఏసినాను, నానే."

ఆ బూట్లు శవం దగ్గర లేవు. ఎక్కడా దొరకలేదు.

"కంపెనీవాళ్ళతో ఏమైనా గొడవుందా?"

నిర్మల చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "నెల కిందట సురేంద్ర పోనాడు కదమ్మా. మోత గేంగులోనే. సెప్పుల్తో ఎక్కినాడు, ఆడి తప్పే అని రాసేసినారు. అబద్ధం. ఆడు కంపెనీ బూట్లే ఏసుకున్నాడు. కొత్త బూట్లు. వోనకి అట్ట ఊడొచ్చీసింది. కాలు మెలిపడి ఇరిగింది, మీదున్న దూలం గుండెల మీద పడింది. ఎనకాలే గేంగులో సోములమ్మ వస్తంది. ఆమె సూసింది. సైటు ఇన్‌చార్జి రాజేష్ వొచ్చి, కొనఊపిరితో ఉన్నోడి కాళ్ళమ్మట బూట్లు పీకించి, సెప్పులు తగిలించమన్నాడంట. ఆసుపత్రికి తీసుకెల్లలేదు. ఆడు పోయేదాకా నిలబడి సూసినారు."

"సోములమ్మ ఏం చేసింది?"

"పీకిన బూట్లో ఒకటి దొర్లి తుప్పల్లో పడింది. బుట్టలో ఏసుకుని ఆ రాత్రే ఎల్లిపోయింది. మా ఆయనే పంపేసినాడు."

"ఎక్కడుందో నాకు చెప్పకు," అంది రత్న. "తెలిసినవాళ్ళు ఎంత తక్కువుంటే ఆమెకి అంత మంచిది."

నిర్మల ఏదో చెప్పబోయి తలూపి ఊరుకుంది. రత్న అప్పటికే లేచింది. తొమ్మిది కావడానికి పది నిమిషాలుంది.

*

నలభై ఒకటో టవరు దగ్గరికి చేరేసరికి పది దాటింది. రోడ్డునుంచి ఇరవై నిమిషాల ఎక్కుడు. మోతవాళ్ళు నడిచి నడిచి వేసిన కాలిబాట ఒకటి. దానికి యాభై గజాల పక్కగా, తాడు చుట్టే వించి యంత్రంతో సామాను లాగడానికి తుప్పలు నరికి చేసిన నిటారు దారి ఇంకొకటి. రెండూ పైన కలుస్తాయి. కింద గెడ్డ. పక్కనే రేకుల షెడ్డు, కంపెనీ స్టోరు.

రత్న ముందు కాలిబాట చూసింది. మంగళవారం రెండున్నరనుంచి మూడుంపావు దాకా ఇక్కడ వాన పడింది. ఆ వానలో తొక్కిన అడుగులు ఎర్రమట్టిలో అలాగే ఉన్నాయి, పైన ఎండినా లోపల చెమ్మ ఆరలేదు. ఆ దారిలో నాలుగడుగులు వేసేసరికే, ఆమె సొంత బూట్ల అడుగు గాళ్ళు మట్టితో నిండిపోయాయి. పుల్లతో గీకినా పూర్తిగా రాలేదు.

శవాగారంలో చూసిన బూట్ల గాళ్ళలో ఒక్క రవ్వ ఎర్రమట్టి లేదు. ఉన్నదల్లా సిమెంటు పొడి.

అంచు దగ్గర జారిన గుర్తు కోసం వెతికింది. మడమ గీరుకున్న జాడ లేదు. అంచున గడ్డి నిలబడే ఉంది. వించి దారికి వచ్చింది. ఇక్కడ వేరే కథ. మూరెడు వెడల్పున తుప్పలు కిందకి ఒరిగి, పైనుంచి బరువైనదేదో దొర్లించినట్టు గెడ్డ దాకా ఒకటే చార. దారి మధ్యలో రాయి మొన మీద రెండు వెంట్రుకలు ఎండిన రక్తంతో అతుక్కుని ఉన్నాయి. ఫోటో తీసి, వాటిని కాగితంలో మడిచి జేబులో పెట్టుకుంది.

గంగరాజు ఈ కొండ ఎక్కనే లేదు. వించి మీద అతన్ని పైకి లాగారు. పైనుంచి తోసేశారు. అంతకుముందు మూడు గంటలు ఎక్కడో దాచారు. సిమెంటు పొడి ఉండేది ఇక్కడ ఒక్కచోటే.

ఆమె స్టోరు వైపు నడిచింది.

*

స్టోర్‌కీపర్ రవిబాబు బల్ల వెనక కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. చోడవరం వైపు మనిషి. నలభై ఏళ్ళు, బొద్దుగా, కాళ్ళకి రబ్బరు చెప్పులు. ఆమెని చూడగానే లేచాడు.

"ఎవరండీ? లోపలికి రాకూడదు మేడమ్."

"గంగరాజు భార్య తరఫున వచ్చాను. రెండు ముక్కలు అడిగి వెళ్ళిపోతాను. అతనికి కొత్త బూట్లు ఇచ్చింది మీరేనా?"

"నేనేనండి. మంగళవారం పొద్దున్న తొమ్మిదింటికి ఇచ్చాను. పోలీసోలకి కూడా సెప్పేను కదండీ."

"ఏ నంబరు?"

"ఏడు. ఆయనది ఏడే."

"ఏడో నంబరు జతలు ఎన్ని వచ్చాయి మీకు?"

"ఆరు."

రత్న వెనక్కి తిరిగి ఇంకో బల్ల మీద పేర్చిన అట్టపెట్టెల దగ్గరికి వెళ్ళింది. ఒక్కొక్కటే మూత ఎత్తింది. ఏడో నంబరు పెట్టెలు ఆరూ ఉన్నాయి. ఆరింటిలోనూ బూట్లున్నాయి, ఒక్క జతకి తప్ప చుట్టిన కాగితం కూడా విప్పలేదు. తొమ్మిదో నంబరు పెట్టె ఒక్కటే ఖాళీ.

"ఆరు వచ్చాయి, ఆరూ ఇక్కడే ఉన్నాయి. మరి అతనికి ఏం ఇచ్చారు?"

రవిబాబు నాలుకతో పెదాలు తడుపుకున్నాడు. "తొమ్మిదేమో. కంగార్లో... మర్సిపోనాను."

"శవం కాళ్ళకి తొమ్మిది ఉందని మీకు ఎవరు చెప్పారు?"

అతను ఫోను బల్ల మీద బోర్లా పెట్టాడు.

షెడ్డు మూల సిమెంటు బస్తాలు. వాటి ముందు నేల మీద అడుగున్నర మందాన చెక్క దిమ్మ. దాని పైముఖం కొత్తగా చెక్కి ఉంది, తెల్లగా. రత్న కాలితో దాన్ని పక్కకి దొర్లించింది. అడుగు ముఖం నల్లటి మరకలతో గట్టకట్టింది. దిమ్మ కిందనుంచి నీలం నైలాన్ తాడు ముక్క బయటపడింది. కత్తితో కోసిన ముక్క. ఆమె వంగి తీసింది.

"అతని పాత బూట్లు ఎక్కడ పడేశారు రవిబాబూ? కాలు దీని మీద పెట్టి కొట్టారు కదా. పట్టుకున్నది మీరా, కొట్టింది మీరా?"

నీడ కదలడం చూసి ఆమె తల తిప్పింది. రవిబాబు చేతిలో మూరెడు పొడవున్న స్పానర్ ఆమె చెవి పక్కనుంచి దూసుకెళ్ళి రేకు గోడకి తగిలింది. రెండో దెబ్బకి ఆమె ఎడమచెయ్యి అడ్డం పెట్టింది. మోచేతి కింద ఎముక చిట్లిన శబ్దం ఆమెకే వినిపించింది. కళ్ళు చీకట్లు కమ్మాయి. బల్లకి కొట్టుకుని పక్కకి పడింది.

"నా పిల్లలున్నారే!" అని అరిచాడు రవిబాబు. ఏడుస్తూనే స్పానర్ మళ్ళీ ఎత్తాడు. "నన్నెందుకు అడుగుతావే! నాకేటి తెలుసే!"

బల్ల అంచున బోల్టుల పెట్టె ఉంది, ముప్పై కిలోలుంటుంది. రత్న కుడి భుజం దాని కింద పెట్టి ఉన్న బలమంతా పెట్టి తోసింది. పెట్టె తిరగబడి సూటిగా అతని కుడిపాదం మీద పడింది. రబ్బరు చెప్పులో ఉన్న ఐదు వేళ్ళూ దాని కింద నలిగిపోయాయి. రవిబాబు నోరు తెరుచుకుంది, ముందు శబ్దం రాలేదు. తర్వాత వచ్చిన కేక కొండంతా వినిపించి ఉంటుంది. స్పానర్ జారిపోయింది. కూలబడి, కాలు లాక్కోలేక, నేల మీద అరచేతులతో బాదుకున్నాడు.

గుమ్మంలో బూట్ల చప్పుడైంది. దేవీప్రసాద్, వెనక ఇద్దరు కానిస్టేబుళ్ళు.

"సైటు ఆఫీసునుంచి ఫోనొచ్చింది, ఎవరో ఆడమనిషి స్టోర్లో దూరిందని. నాకు తెలుసు మీరేనని! ఎవరి పర్మిషన్‌తో..."

అతని మాట సగంలో ఆగిపోయింది. స్పానర్ చూశాడు. వేలాడుతున్న రత్న చెయ్యి చూశాడు. దొర్లిన చెక్క దిమ్మ చూశాడు.

"పదకొండు కావడానికి ఇంకా పది నిమిషాలుంది ప్రసాద్," అంది రత్న పళ్ళు బిగించి. "నీ జారిపడిన మనిషి ఈ దిమ్మ మీద మూడు గంటలున్నాడు. ఇదిగో అతని బూటు తాడు. వించి దారిలో రాయి మీద అతని జుట్టు దొరికింది. ఇంకా జారిపడ్డాడనే రాస్తావా?"

దేవీప్రసాద్ ఒంటి మోకాలి మీద కూర్చుని దిమ్మ మీద వేలు రాశాడు. తర్వాత కానిస్టేబుల్‌తో, "పెట్టె తియ్యండి ఆయన కాలి మీంచి," అన్నాడు. పెట్టె తీశాక రవిబాబు చొక్కా పట్టుకుని గోడకి ఆనించి కూర్చోబెట్టాడు. చొక్కా వదల్లేదు.

"ఎవరు కొట్టారు?"

"రాజేష్‌గారండి... ఆయన మనుషులిద్దరు... నేను పట్టుకున్నానండి. కాలు పట్టుకోమన్నారు, పట్టుకున్నాను." ముక్కునుంచి, కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయి. "పన్నెండున్నరకి మొదలెట్టారండి. సోములమ్మ ఎక్కడుంది, బూటు ఎక్కడుంది, అదే అడుగుడు. ఆ బూటు బైటికొస్తే సురేంద్రది హత్యయిపోద్ది, ఈ కొండ మీద ఇచ్చిన బూట్లన్నీ దొంగవని తేలిపోద్ది అన్నారండి రాజేష్‌గారు. ముందు పాత బూట్లు కోసి లాగేసేరు. సుత్తితో కొట్టేరు. కళ్ళు తిరిగి పడిపోతే నీళ్ళు కొట్టి మళ్ళీ లేపేరు. పాత దెబ్బ తగిలిన కాలండీ అది. అదే కొట్టమన్నారు."

"చెప్పాడా?"

"మూడు దాటాక సెప్పాడండి. అడ్డతీగలలో ఉంది, సంతలో అమ్ముకుంటంది అని. అప్పుడు వెనకనుంచి తల మీద కొట్టేరు. తర్వాత నన్ను బూట్లు తొడగమన్నారు. కంపెనీ మంచి బూట్లే ఇచ్చిందని కనబడాలన్నారు. ఏడు పట్టలేదండి. ఎనిమిదీ పట్టలేదు."

రత్న గోడకి జారబడింది. "అడ్డతీగల వెళ్ళారా?"

"బుధవారం, గురువారం మజ్జాన్నం దాకా వెతికేరండి. ఆ పేరుగల మనిషే లేదంట అక్కడ. సచ్చిపోతా కూడా అబద్ధం సెప్పేడు మేస్త్రి." రవిబాబు వెక్కాడు. "నిన్న సాయంత్రం తిరిగొచ్చేసేరు."

"ఇప్పుడు ఎక్కడున్నారు?"

రవిబాబు రత్నని చూడలేదు. దేవీప్రసాద్‌ని చూశాడు. "పొద్దున్న ఆరింటికి బయలెల్లేరండి, ముంచింగిపుట్టు. ఇవాళ అక్కడ సంత."

"ముంచింగిపుట్టు అని వాళ్ళకెవరు చెప్పారు?"

"మీరేనండి," అన్నాడు రవిబాబు. "నిన్న ఆరింటికి స్టేషన్లో. మేస్త్రి పెళ్ళాన్ని కూర్సోబెట్టి సోములమ్మ ఎక్కడుంది అని అడిగేరు కదండీ. పిన్ని ఇంటికాడ ముంచింగిపుట్టులో ఉంది, సంతలో పసుపు అమ్ముతాది అని ఆమె మీకు సెప్పింది కదండీ. రాజేష్‌గారు మీ పక్క కుర్సీలోనే టీ తాగతన్నారండి, ఆమెకి ఆయన మొగం తెల్దండి."

చొక్కా పట్టుకున్న దేవీప్రసాద్ చెయ్యి వదులైంది. అతని మొహం పాలిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది రత్నకి, మెట్ల మీద నిర్మల చెప్పబోయి ఆగిన మాట. తనే వద్దంది. ఒక్క నిమిషం విని ఉంటే, తొమ్మిదింటికే తెలిసేది.

"తర్వాత పడదువుగాని ఆ బాధ," అంది కటువుగా, అతనికో తనకో తెలియకుండా. "ముంచింగిపుట్టు స్టేషన్‌కి ఫోన్ చెయ్యి, తొందరగా."

అతను ఫోను తీస్తూ షెడ్డు బయటికి పరిగెత్తాడు. రత్న కుడిచేత్తో ఫోను తీసి నిర్మలకి చేసింది. నిర్మల వెంటనే సోములమ్మ నంబరు చెప్పింది. ఎందుకని అడగలేదు, గొంతులోనే తెలిసిపోయింది.

పదిన్నరకల్లా సంత నిండుతుంది. ఆరింటికి బయలుదేరిన బండి తొమ్మిదిన్నరకే చేరి ఉంటుంది. రత్న నంబరు నొక్కింది. నాలుగుసార్లు మోగింది. ఐదోసారి ఎత్తారు. వెనక సంత గోల, కోళ్ళ అరుపులు.

"ఎవరూ?" ఆడ గొంతు.

"సోములమ్మా, నా పేరు రత్న. నిర్మల ఇచ్చింది నీ నంబరు. నీ కోసం రాజేష్ అక్కడికి వచ్చాడు. సురేంద్ర బూటు నీ దగ్గరే ఉందా?"

చాలా మెల్లగా, "బుట్టలో ఉంది, పసుపు కింద," అంది సోములమ్మ. "మేస్త్రి ఎలా ఉన్నాడు?"

రత్న జవాబు చెప్పలేకపోయింది. ఆ కొద్ది ఆలస్యమే జవాబైంది. అటు ఊపిరి ఒక్కసారి తెగి, మళ్ళీ అందుకుంది.

"ఇద్దరు మగోలు వస్తన్నారమ్మా, వరసంట. నా మొగం ఆల్లకి తెల్దు. ఆడోల కాళ్ళు సూసుకుంటా వస్తన్నారు."

"కాళ్ళా? ఎందుకు?"

"మేస్త్రి ఇప్పించిన బూట్లు ఉన్నాయి నాకు. నాలుగో నంబరు. మగోల సైజులు మాకు సరిపడవని పట్నంనుంచి తెప్పించినాడు. ఈ సంతలో బూట్లేసుకున్న ఆడది నానొక్కదాన్నే."

"విప్పెయ్! ఇప్పుడే విప్పి బుట్టలో పెట్టు. చెప్పులు అడిగి తీసుకో ఎవరివైనా!"

"ఎన్ని వరసలున్నాయో..." సోములమ్మ తనలో తను లెక్క వేసుకుంటున్నట్టు అంది. "రెండు. లేసులు ఇప్పేలోగా వొచ్చెస్తారు. ఇప్పినా ఏటి లాబం? రాజేష్ మూడోవోడు, ఆడు అటు రోడ్డు కాడ ఉన్నాడు. ఆడికి నా మొగం తెలుసు. ఎనకాల ఒక్కటే దారి, రాళ్ళ కొండ. వొట్టి కాళ్ళతో అయితే పదడుగులు ఎక్కలేను. ఈటితో ఎక్కెస్తాను."

"పోలీసులు వస్తున్నారు, కొంచెంసేపు జనం మధ్యలో ఉండు..."

"మేస్త్రి కూడా జనం మధ్యలోనే ఉండీవోడమ్మా."

బుట్ట భుజానికి ఎత్తుకున్న చప్పుడు. ఎవరో ముసలామె "ఎక్కడికే గుంటా, పసుపు?" అని అడగడం.

"ఫోను పెట్టెయ్యకు సోములమ్మా. రొమ్మున దోపుకో. ఎక్కు."

దేవీప్రసాద్ తిరిగొచ్చాడు, రొప్పుతూ. "ఎస్సై సంత మొదట్లోనే ఉన్నాడు. ఏడు నిమిషాల్లో వెనకవైపు చేరతానన్నాడు. జీపు కింద సిద్ధంగా ఉంది, రండి. మీ చెయ్యి..."

రత్న చెయ్యెత్తి అతన్ని ఆపింది. స్పీకరు నొక్కింది.

షెడ్డులో అందరూ విన్నారు. గుడ్డ రాపిడి, వేగంగా ఊపిరి, బండ మీద బూటు అట్ట గట్టిగా ఆనుకుంటున్న చప్పుడు. ఒకటి, రెండు, మూడు. తడబాటు లేదు. సంత గోల కిందకి జారిపోతోంది. ఆమె ఎక్కుతోంది. కానిస్టేబుల్ పెదాలు కదుపుతూ లెక్కపెడుతున్నాడు. దేవీప్రసాద్ గడియారం చూశాడు. పదకొండూ రెండు. ఎస్సై చెప్పిన ఏడు నిమిషాల్లో ఇంకా ఐదు మిగిలాయి.

తర్వాత, ఆమె ఊపిరికి వెనకగా, కిందనుంచి రాళ్ళు దొర్లడం మొదలైంది.

రత్న ఫోను చెవికి దగ్గరగా తెచ్చుకుంది. ఆ అడుగులు ఒక్కరివి కావు.